నీళ్ళు తగ్గాలని

ఎండలు ముదిరాయంటే చాలు, పొద్దున్నే కాఫీ గ్లాసు నా చేతికిచ్చి అమ్మ అడిగే మాట ఒకటే. "పాపా, డ్యాములో నీళ్ళు యాడికి దిగినాయో ఫోన్‌లో చూడు." ఆఫీసు క్యాబ్ కింద హారన్ కొడుతున్నా సరే, చూసి చెప్పాల్సిందే. నాన్న పోయాక అమ్మ తెల్లాపూర్‌లో నా దగ్గరే ఉంటోంది. చెప్పకుండా వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాతో మాట్లాడదు.

మాది కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉండిన ఊరు. కరెంటు కోసం నది మీద డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్ళలో అదీ ఒకటి. నేను ఆ తర్వాత పుట్టాను. జనం ద్వారబంధాలు, దూలాలు, రోళ్ళు, ఆఖరికి గుళ్ళో దేవుణ్ణి కూడా బండ్లకెత్తుకుని పైకొచ్చారట. అధికారులు ఇళ్ళూ బావులూ చెట్లూ అన్నీ రాసుకుని నష్టపరిహారం కట్టారట. అమ్మ తొలిచూలు బిడ్డ, అంటే మా అక్క, ఏడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడే జ్వరమొచ్చి పోతే చేనుగట్టున వేపచెట్టు కింద పూడ్చారు. ఆ చోటు గురించి ఎవరూ అడగలేదు. అమ్మా ఎవరికీ చెప్పలేదు.

ఎండాకాలంలో నీళ్ళు దిగితే ఊరి మిట్టభాగం బయటపడుతుంది. మావాళ్ళు వెళ్ళి మొండిగోడల దగ్గర టెంకాయ కొట్టి వస్తారు. మా చేను మాత్రం నదివైపు పల్లంలో ఉంది. అది తేలాలంటే నీళ్ళు బాగా అడుగంటాలి. వెళ్ళిన ప్రతిసారీ అమ్మ నీటి అంచు దాకా పోయి వెనక్కి వచ్చింది. ఇప్పుడు మోకాళ్ళు కూడా మొరాయిస్తున్నాయి. "ఒక్కసారి ఆ బిడ్డ కాడికి పోయొస్తే చాలు" అనడం మాత్రం మానలేదు.

మొన్నటి వేసవిలో ఈ ఆశకు మా ఎదురింటాయన ఆజ్యం పోశాడు. కోస్తా మనిషి, కరెంటు శాఖలో చేసి రిటైరయ్యాడు. "మీరిక్కడ ఏసీ వేస్తే అక్కడ టర్బైన్ తిరుగుద్దండి అక్కయ్యగారూ. అది తిరిగితే నీళ్ళు కిందికి పోతాయి. అంతేనండి" అన్నాడట నవ్వుతూ.

ఆ సాయంత్రం నేను ఇంటికి రాగానే పనమ్మాయి గుమ్మంలోనే పట్టుకుంది. "ఏందక్కా గిది? పెద్దమ్మ అన్ని మిషన్లు ఏసి కూసుంది. చలికి నా చేతులు కొంకర్లు పోతున్నయ్. జర నువ్వన్న చెప్పు."

లోపల చూస్తే మూడు గదుల్లో ఏసీలు, ఇంట్లో ఉన్న లైట్లన్నీ, గీజరు, బట్టలు లేకుండానే గిరగిరా తిరుగుతున్న వాషింగ్ మెషీను! ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే ఇల్లు పీకి పందిరేసే మనిషి, శాలువా కప్పుకుని సోఫాలో దర్జాగా కూర్చుని ఉంది.

"అమ్మా! నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని అరిచాను. నాకు ముక్కు మీదే కోపం, దాచుకోవడం చేతకాదు.

"అరవాకు. నీళ్ళు తగ్గుతాయంట."

"ఆయనేదో తమాషాకి అన్నాడమ్మా. మనింటి కరెంటుతో డ్యామ్ తగ్గుతుందా?"

అమ్మ బాల్కనీ వైపు చెయ్యి చూపింది. దూరంగా నానక్‌రామ్‌గూడ మేడలన్నీ ధగధగా వెలుగుతున్నాయి. నేను పనిచేసే ఆఫీసు కూడా అక్కడే. "ఆ దీపాలన్నీ సూడు. ఈ కరెంటు కోసరమే కదా నా బిడ్డ మీదికి నీళ్ళు తెచ్చినారు. ఇంగ కొంచెం కాలిస్తే ఆ నీళ్ళు దిగిపోతాయంటే, కాల్చుకోనీ నన్ను."

గీజరూ వాషింగ్ మెషీనూ ఆపేశాను. ఏసీల జోలికి పోలేదు. శాలువా సగం లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నాను.

ఎగువన వానలు వెనకబట్టాయి. కొన్నాళ్ళకు పునరావాస కాలనీలో ఉండే మా చిన్నాన్న ఫోన్ చేశాడు. "వదినా, చేను తేలింది. పైన వానలు పడేలోపల వచ్చేయ్." ఫోన్ పెట్టేసి అమ్మ నావైపు గొప్పగా చూసింది. ఏసీల ఘనత ఏసీలకే వదిలేసి, మర్నాడే కారు తీశాను.

అమ్మ చెప్పిన చేను అక్కడ లేదు. గట్టు లేదు, వేపచెట్టు మోడు కూడా లేదు. కనుచూపు మేరా బీటలువారిన ఒండ్రు, ఎండిన గవ్వలు, చేపలవాళ్ళ చిరిగిన వలలు. "నిలువెత్తు ఒండ్రు పేరుకుంది వదినా. ఏ చోటని చెప్తాం?" అన్నాడు చిన్నాన్న. నాకు అమ్మ ముఖం చూడాలంటే భయమేసింది.

అమ్మ నా చెయ్యి వదిలించుకుని నడిచింది. నదికి అవతలి ఒడ్డునున్న కొండను ఆనవాలుగా చూస్తూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ ఒకచోట నిలబడింది.

"ఇక్కడేనా అమ్మా?" అన్నాను.

"ఏమో పాపా. ఇక్కడే అనుకుంటా."

మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది. బిడ్డను జోకొట్టినట్టు అరచేత్తో ఆ మట్టిని తట్టింది.

"ఇన్నాళ్ళూ రాలేదని అలగాకు తల్లీ" అంది. "నీళ్ళు అడ్డమొచ్చినాయి."