నలుగు ఫోటోల్లో తెల్ల చుక్కలు

పదిహేనేళ్లుగా నా భుజానికి వేలాడుతున్నది కెమెరా బ్యాగు ఒక్కటే అనుకుంటారు మా ఇంట్లోవాళ్లు. ఇంకొకటి కూడా ఉంది. దానికి జిప్పు లేదు. అందుకే కాబోలు, తెరిచి చూపించడం ఇప్పటిదాకా చేతకాలేదు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

అప్పట్లో రాంగోపాల్‌పేట్‌లో ఒక చిన్న స్టూడియోలో కొత్తగా చేరాను. పని నేర్పింది నర్సింగన్న. ముహూర్తం పెట్టుకునే ముందు ఆయనకు తీరిక ఉందో లేదో కనుక్కునే పెళ్లివాళ్లుండేవారు. మాది గోదావరి వైపు నుంచి వచ్చి సైనిక్‌పురిలో స్థిరపడ్డ కుటుంబం. అందుకని నన్ను "గోదారీ" అని పిలిచేవాడు. ప్రవాహమంతా నోట్లోనేనట, చేతిలో పని చుక్క కూడా లేదట.

ఒకరోజు రెండు ఫంక్షన్లు కలిసి వచ్చాయి. ఆయన ఒక పెళ్లికి, నేను మారేడ్‌పల్లిలో ఒక పెళ్లికూతురి నలుగుకు. ఒంటరిగా వెళ్లడం నాకదే మొదటిసారి. పొద్దున్నే, ఎప్పటిలాగే, ఆయనే నా కెమెరా తుడిచి చేతికిచ్చి పంపాడు.

నలుగు మామూలుగానే పెడుతున్నారు. నాకు మామూలు చాల్లేదు. సున్నిపిండి గిన్నె చూడగానే బుద్ధి పుట్టింది. పిండి పైకి ఎగరేయమన్నాను, గాలిలో ఉండగా తీస్తానన్నాను. అమ్మాయిలకు అంతకన్నా ఏం కావాలి? మూడుసార్లు ఎగరేశారు. తలుపులు మూసి ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫోటో బాగానే వచ్చింది. ఆ తర్వాత గంటసేపు పెద్దలందరూ వరసగా వచ్చి అక్షింతలు వేశారు. కెమెరా నెత్తిన ఉండే చిన్న ఫ్లాష్‌తోనే అందరినీ తీశాను. స్క్రీన్ చిన్నది, నా గర్వం పెద్దది. ఏమీ కనిపించలేదు.

మర్నాడు కంప్యూటర్ మీద కనిపించాయి. తెల్లటి గుండ్రటి చుక్కలు. నానమ్మ బుగ్గ మీద ఒకటి, మేనమామ ముక్కు మీద ఇంకొకటి, గోడల మీద లెక్కలేనన్ని. పెళ్లికూతురి పెద్దమ్మ మాత్రం, పోయిన పెద్దలే దీవించడానికి వచ్చారని దండం పెట్టింది. తండ్రి పెట్టలేదు. మళ్లీ తీయగలిగిన ఫోటోలు కావవి.

మా ఓనరుకు కెమెరా కన్నా కౌంటరు బాగా తెలుసు. ఈ చుక్కలేమిటని నన్ను నిలదీశాడు. కారణం నాకు తెలుసు. అనుమానం కాదు, తెలుసు. తెలిసీ నేనన్నది ఒక్క మాట. "పొద్దున కెమెరా తుడిచింది నర్సింగన్నేనండీ."

అందులో అబద్ధమేముంది? ఒక్క అక్షరం కూడా లేదు. ఇన్నేళ్లూ ఆ సందులోనే దాక్కున్నాను. నిజాన్ని ఎంత ఒడుపుగా ఫ్రేములో పెట్టానంటే, పిండి గిన్నె బయటికి పోయింది, నర్సింగన్న నట్టనడుమకు వచ్చాడు. ఉద్యోగం పోతుందన్న భయమా? అదొక్కటేనా? ఆయన పేరు పెద్దది కదా, ఒక మచ్చ పడినా తట్టుకుంటుంది, నా పేరైతే ఇంకా పుట్టనే లేదు అనుకున్నానా? ఈ రెండోదే అసలు నిజమని అనుమానం. అందుకే అది రాయడానికి ఇంతసేపు పట్టింది.

తట్టుకోలేదు. నర్సింగన్న కెమెరా సరిగా తుడవలేదని ఓనరు అన్న మాటే ఆ ఇంటివాళ్లు చుట్టాలందరికీ చెప్పారు. ఓనరు ఆయనను ఫంక్షన్లకు పంపడం మానేసి పాస్‌పోర్టు ఫోటోలకు కూర్చోబెట్టాడు. గడ్డం ఎత్తండి, చెవులు కనబడాలి, రెప్ప వేయకండి. పెళ్లిళ్లు తీసిన మనిషికి, పని మానేసేదాకా, అదే పని.

ఓనరు ఆయనను కేకలేసిన రోజు నేను గాజు తలుపు అవతలే ఉన్నాను. నా పేరు కూడా వినిపించింది. ఆయన బయటికొచ్చి, నన్ను కంప్యూటర్ దగ్గరికి పిలిచాడు.

"గోదారీ, జెర ఇటు రా. గీ ఫోటోల చుక్క ఏడుంది?"

"బుగ్గ మీద అన్నా."

"పక్క దాంట్ల?"

"గోడ మీద."

"లెన్స్ మీది మరకైతే అన్నిట్ల ఒక్క జాగల్నే కూసుంటది. గిది తిరుగుతున్నది. కాళ్లొచ్చినయా మరకకు?"

నవ్వబోయి ఆగాను.

"గాలిల ఏమో ఉండె. లెన్స్ ముంగట్నే. ఫ్లాష్ తగిలి మెరిసింది. ఏముండె?"

"తెలీదన్నా."

ఆ రెండు ఫోటోలూ మూసేశాడు. "సరే తీయ్. ఇగ నుంచి ఫ్యాన్ బంద్ చేయించు. గాలి నిమ్మళమయ్యేదాక ఆగు. ఫ్లాష్ మొఖం మీద కొట్టకు, సీలింగ్ దిక్కు తిప్పి కొట్టు. సమజైందా?"

అంతే. ఆ రెండు ఫోటోలు ఓనరు ముందు పెడితే ఆయన బయటపడేవాడు. పెట్టలేదు. నన్ను కాపాడాలనా? వాదించడం నామోషీ అనిపించిందా? నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, తనను ముంచిన చుక్కలతోనే ఆయన నాకు పని నేర్పాడని. ఇవాళ నాకు సొంత స్టూడియో ఉంది. పెళ్లివాళ్లు నా తీరిక అడుగుతున్నారు. నేను తినే ప్రతి ముద్దలో ఆయన చెయ్యి ఉంది.

ప్రతి దసరాకూ ఆయన ఇంటికి వెళ్లి జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్లకు దండం పెడతాను. లేపి, గుండెకు హత్తుకుని అలయ్ బలయ్ తీసుకుంటాడు. వదినె సర్వపిండి పెడుతుంది. అందరి ముందూ, అన్నా, నీ వల్లే ఇంతవాణ్నయ్యాను అంటాను. మనస్ఫూర్తిగానే అంటాను. కానీ అది ఎంత గట్టిగా చెబితే, చెప్పాల్సిన రెండో మాట అంత లోపలికి పోతోంది. కృతజ్ఞతను కూడా దాక్కోవడానికి వాడుకున్నవాణ్ని నేనొక్కడినేనా?

మొన్నటి దసరాకు ఎవరో చుట్టం ఆయనను అడిగాడు, పెండ్లిళ్లు తీసుడు ఎందుకు బంద్ పెట్టినవని. నేను ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాను. "చేతులు వణుకుడు షురూ అయింది తమ్మీ" అన్నాడు ఆయన. నా వైపు చూడకుండా.

ప్లేటు పక్కన పెట్టేసి లేచాను. అందుకే ఇది రాస్తున్నాను. ఆయనకు చదివి వినిపిస్తానని మాట ఇవ్వలేను, ఇచ్చిన మాట మీద నాకే నమ్మకం లేదు. కానీ ఒక్కరికైనా, మీకైనా, తెలియాలి. రాస్తుంటేనే మనసు కొంచెం తేలికవుతోంది, అంతకన్నా అడిగే అర్హత నాకు లేదు.

నర్సింగన్న చేతులు ఎన్నడూ వణకలేదు. ఆ రోజు కెమెరా శుభ్రంగానే ఉంది. పిండి ఎగరేయించింది నేను.