ముందు గొర్రెకు, తర్వాత తనకు

మా పెద్దనాయన మొన్న మంగళవారం పొద్దున పోయాడు. కంబదూరు నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పగానే, ఏడుపు కంటే ముందు నాకు అనుమానం వచ్చింది. ఆసుపత్రివాళ్లు వెనక్కి తీసుకున్న ఆ కొత్త మందు ఉండుంటే ఇంకొన్నాళ్లు బతికేవాడేమో. ఈ అనుమానపు బుద్ధి నాకు ఆయన నుంచే వచ్చింది.

జీవితమంతా గొర్రెల వెనక, వేరుశనగ కళ్లాల్లో దుమ్ము మింగిన మనిషి. ఊపిరితిత్తులు పాడయ్యాయి. మాత్రలు కొంటే వాటి మీది తేదీ నాచేత రెండుసార్లు చదివించేవాడు. "సదువుకున్నోళ్లు అబద్ధం చెప్పరు, సగం చెప్తారు" అనేవాడు.

అనంతపురంలో ఒక ఆసుపత్రిలో ఈ జబ్బుకు కొత్త పీల్చే మందును పరీక్షిస్తున్నారంటే నేనే తీసుకెళ్లాను. పాత మందులు అందరికీ ఉంటాయి. వాటితోపాటు కొందరికి కొత్త మందు, కొందరికి ఏ మందూ లేని ఉత్తి స్ప్రే ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో అక్కడి డాక్టరమ్మకు కూడా తెలియదు.

"ఏ గొర్రెకు ఏం తాపినాడో తెలీని కాపరి ఉంటాడా తల్లీ?" అన్నాడు పెద్దనాయన.

తెలిస్తే తన కళ్లే తనను మోసం చేస్తాయని ఆమె చెప్పింది. "ఈయమ్మ తన మిందనే అనుమానం పడతాంది. నమ్మొచ్చు" అని వేలిముద్ర వేశాడు.

రెండు వారాలకు మార్పేమీ లేదు. రెండో నెలకు ఎక్కడా ఆగకుండా ఆసుపత్రి మెట్లెక్కాడు. మందు నిదానంగా పనిచేస్తుందేమోనని ఆమె రాయబోతుంటే అడ్డుపడ్డాడు.

"అట్ల రాయొద్దు తల్లీ. మొదట పదైదు దినాలు నేను పీల్చలేదు. ముసిలి గొర్రె ముక్కు కాడ ఆ స్ప్రే కొట్టినా."

మీరు నవ్వుతారేమో. కొత్త మందు ఏదైనా ముందు ఒక్క గొర్రెకిచ్చి, అది బాగా మేస్తేనే మందకివ్వడం ఆయన పద్ధతి. "వాళ్లు మందు నా మింద పెట్టి చూస్తాండారు. నేను దేని మింద చూడాల?" అని నన్నే అడిగాడు. చెప్పకుంటే ఎవరికి తెలుస్తుందని గొణిగాను.

"నా మాట నమ్మి రేపు ఇంకొకనికిస్తారు గదమ్మా. వానికి గొర్రె గూడా ఉండదు."

నియమం తప్పాడని ఆయన్ను పరీక్ష నుంచి తీసేసి, ఆ స్ప్రే వెనక్కి తీసుకున్నారు. ఆయన పీల్చింది అసలు మందో ఉత్తిదో నాకిప్పటికీ తెలియదు. ఆరోజు ఆయన మీద బాగా కోపం వచ్చింది. ఇప్పుడు గర్వంగా ఉంది, కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

తర్వాత పాత మందుల కోసం అనంతపురం వచ్చేనాటికి మళ్లీ ఆయాసం మొదలైంది. బజారులో నా చెయ్యి పట్టుకోనంటే పట్టుకోనన్నాడు. ఒక కొట్టు ముందు ఆగి లుంగీ అంచు తడిమాడు. పది అడుగులకు ఇంకో కొట్టు ముందు ఆగాడు. ఊపిరి కుదిరేదాకా, కొనబోని ప్లాస్టిక్ బిందెను ఎండకెత్తి, యాడన్నా చిల్లి ఉండాదేమోనని చూస్తూ నిలబడ్డాడు.