నడిపి చూడని కోడ్ కింద నా పేరు

ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఇది. ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నా నోరు పెగలదు.

వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో నేనూ స్వప్నా ఒకే బెంచీ. హన్మకొండలో వాళ్ల నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం. చివరి ఏడాది ఇద్దరం ఒక ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం పిచ్చిలో పడ్డాం. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్ది పంపొచ్చు. పంపినదాన్ని అక్కడి పెద్దలు అందరికీ కనిపించేలా చర్చిస్తారు. కానీ లోకంలోని కంప్యూటర్లన్నీ వాళ్ల దగ్గర ఉండవు కదా? అందుకని ఏ రకం కంప్యూటర్ కోసం కోడ్ రాశారో అది ఉన్నవాళ్లెవరైనా నడిపి చూసి, కింద ‘పరీక్షించినవారు’ అని తమ పేరు రాస్తారు. అంతే సాక్ష్యం. మనిషి మాట మీద నమ్మకం.

నా పాత లాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోయేది, తెరిస్తే లేచేది; అలా లేచాక హార్డ్ డిస్క్ కాసేపు మొండికేసేది. స్వప్న నా కోసమే కూర్చుని దానికి కోడ్ రాసింది. ఆ రకం లాప్‌టాప్ తన దగ్గర లేదు గనుక, నడిపి చూడమని నాకు పంపింది. ఆ సిస్టం కొత్త వెర్షన్‌లోకి కోడ్ తీసుకునే గడువు దగ్గరపడింది. ఫోన్ చేసింది.

“టెస్ట్ చేసినవానే?”

“చేసిన. మంచిగ నడుస్తాంది.”

“మల్లొకసారి జర సూడరాదే, డిస్కు ముచ్చట గది.”

“సూసిన అంటున్న గదనే. ఫికర్ చెయ్యకు, పంపియ్.”

“నువ్వు సూసినవంటే ఇగ నాకేం భయం లేదు.”

నేను నడపలేదు. తెరిచి కూడా చూడలేదు. నా పేరు మాత్రం రాసి పంపాను.

బద్ధకం అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. పరీక్షల హడావుడి అనుకున్నాను. అబద్ధం. ఆ లాప్‌టాప్‌లో నా ఫైనల్ ప్రాజెక్టు ఉంది, ఇంకో కాపీ లేదు. డిస్క్ పోతే నా చదువు పోతుందని భయపడ్డాను. అంటే ఏం జరగవచ్చో నాకు ముందే తెలుసు! నా డిస్క్ మీద నడపడానికి భయపడినదాన్ని, ముక్కూ మొహం తెలియనివాళ్ల డిస్కుల మీదికి ఎలా వదిలాను? ఆ మాత్రం ఆలోచన రాలేదా? వచ్చింది. వచ్చినా వదిలాను.

కోడ్ ఆ కొత్త వెర్షన్‌లో చేరి విడుదలైంది. ఆ రకం లాప్‌టాప్ ఉన్నవాళ్ల డిస్కులు పాడయ్యాయి. ఎవరో ఒకతను, చనిపోయిన తల్లి ఫోటోలన్నీ పోయాయని రాశాడు. పెద్దలు ఆ కోడ్ తీసేసి, ఇది ఎలా దాటి వచ్చిందని అందరి ముందూ అడిగారు. నేను నోరు విప్పేలోపే స్వప్న జవాబు రాసింది. పరీక్షించిన అమ్మాయి నిజాయితీగానే పరీక్షించింది, ఎప్పుడో ఒకసారి మాత్రమే బయటపడే తప్పేదో నా కోడ్‌లో ఉంది, క్షమించండి అని.

నేను ఆ జవాబు చదివి మాట్లాడకుండా ఉండిపోయాను. అన్నిటికన్నా పెద్ద పాపం అదే.

ప్రాజెక్టు ఇచ్చేశాక, భయం తీరాక, ఆ కోడ్ నడిపాను. మొదటిసారి నిద్ర లేచినప్పుడే డిస్క్ పాడైంది. ఒక్కసారి నడిపితే తెలిసిపోయే తప్పు! నా పేరును నమ్మి, లేని చోటల్లా తప్పును వెతికి వెతికి స్వప్న తన మీద తానే నమ్మకం పోగొట్టుకుంది. ఈ పని తనకు రాదని కోడ్ రాయడమే మానేసింది. ఇప్పుడు దుకాణంలో కూర్చుంటోంది. నేను ఉద్యోగం చేసుకుంటున్నాను.

మొన్న కుక్కర్ కొనడానికి అక్కడికే వెళ్లాను. మూత బిగించి చూపిస్తూ అడిగింది.

“ఆ పాత లాప్‌టాప్ ఇంక ఉన్నదానే? ఆదివారం వస్త. నా కోడ్ దాని మీద ఎప్పుడు తప్పుతాందో ఒక్కసారన్న కండ్లార సూడాలె.”

తలూపి వచ్చేశాను. ఆ లాప్‌టాప్ అమ్మేశానని చెప్పనా? ఆ మాట కూడా నాలుక దాకా వచ్చింది, మీ దగ్గర దాచను. ఇంత జరిగాక కూడా నేను మారలేదా? తను నన్ను క్షమిస్తుందని అనుకోవడం లేదు. ఎందుకు క్షమించాలి?

ఆ చర్చ ఇంకా అందరికీ తెరిచే ఉంది. ఇప్పుడే స్వప్న క్షమాపణ కింద నా పేరుతో రాశాను: ‘ఈ కోడ్‌ను నేను పరీక్షించలేదు. పరీక్షించానని స్వప్నకు అబద్ధం చెప్పాను. ఒక్కసారి నడిపి నిజం చెప్పి ఉంటే, తను ఆ రోజే దిద్దేసేది.’

పంపేశాను. ఇక వెనక్కి తీసుకోలేను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.