దొరగారి రెండో చార్టు

డాక్టరుగారు నాకు ఒక బీపీ మిషనూ, దానితోపాటు ఒక చిన్న పుస్తకమూ అంటగట్టి నెలయింది. రోజూ పొద్దున ఎనిమిదింటికి చూసుకుని అందులో రాసుకోవాలట. ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నాకొకరు చెప్పాలా అనుకుని బుద్ధిగా తలూపి వచ్చాను. మొన్న మా అమ్మాయి ఆ పుస్తకం తిరగేసి, "అమ్మా, మిషనుకి చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు నువ్వు. మరి ఈ నూట ముప్ఫైలూ, నూట ఇరవై ఎనిమిదిలూ ఎక్కణ్ణించి వచ్చాయి?" అంది. దొరికిపోయి నవ్వేశాను. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని మధ్యలో రెండుచోట్ల నూట నలభై కూడా వేశాను. ఆ నేర్పు చూసైనా మెచ్చుకుంటుందనుకున్నాను. అది మాత్రం నవ్వలేదు. "చూడకుండా ఎలా రాస్తావమ్మా?" అని అడిగింది. ఆ మాట విని దుబాయ్‌లో ఒక ఆసుపత్రి వార్డూ, ఒక మంచమూ, గడ్డం నున్నగా గీయించుకుని కూర్చున్న ఒక తెల్లాయనా గుర్తొచ్చారు.

దుబాయ్‌లో డేరా అనే పేటలో ఉన్న ఆ ఆసుపత్రిలో నేను చేరింది ఎనభైల మొదట్లో. మా ఆయన పోయిన మరుసటేడు పాపను మా అక్క చేతుల్లో పెట్టి విమానం ఎక్కాను. దానికప్పుడు ఏడాదిన్నర. రెండేళ్లకి మొదటి సెలవు దొరికి, సూట్‌కేసు నిండా బొమ్మలూ, పాలపొడి డబ్బాలూ వేసుకుని నరసాపురంలో దిగితే, పాప మా అక్క చీర కుచ్చిళ్ల వెనక దాక్కుని, "ఈవిడెప్పుడెళ్తుంది పెద్దమ్మా?" అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తిరిగి వచ్చాక మాత్రం నాకేదీ ఆనలేదు. అన్నం తినేదాన్ని, డ్యూటీ చేసేదాన్ని, సెలవురోజైన శుక్రవారం చర్చిలో ప్రార్థనకి వెళ్లి పాటలు కూడా పాడేదాన్ని. పంటికి మత్తుసూది వేయించుకున్నవాళ్లు బుగ్గ గిల్లుకుంటే ఎలా ఉంటుందో ఏడాదంతా అలాగే ఉండేది. నాతో గదిలో ఉండే గుంటూరు అక్క, "ఏందే, అట్టా గోడవంక చూస్తా కూర్చుంటావు? ఏడిస్తే ఏడువు, ఖలాస్ అయిపోద్ది" అనేది. ఏడుపు వస్తే కదా.

మా వార్డు సిస్టర్ ఇంగ్లీషావిడ. మేం తెలుగువాళ్లం ఆవిణ్ణి మాలో మేం దొరసాని అనుకునేవాళ్లం, భర్తని దొరగారు అనేవాళ్లం. పేరుకి ఇంగ్లీషువాళ్లే గానీ, పెళ్లయిన కొత్తలో ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లి, పెర్త్‌లో ఇల్లు కట్టుకుని పద్దెనిమిదేళ్లు ఉన్నారట. కూతురు అక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడింది. ఆవిడ అక్కగారేమో ఇంగ్లండులోనే ఉండిపోయింది. దొరగారికి జెబెల్ అలీ రేవులో క్రేన్ల పని రావడంతో, రెండేళ్లలో ఏదో ఒకటి తేల్చుకుందామని ఇద్దరూ దుబాయ్ వచ్చారు. కాంట్రాక్టు అయ్యాక పెర్త్‌కే పోవాలా, పుట్టిన దేశానికి పోవాలా అన్నది తేల్చవలసిన సంగతి. రెండేళ్లు నాలుగేళ్లయ్యాయి, తేలలేదు. వాళ్ల ఫ్లాటులో నడవా పొడుగునా ఆస్ట్రేలియా నుంచి ఓడలో వచ్చిన చెక్కపెట్టెలు మేకులు కూడా ఊడదీయకుండా నిలబడి ఉండేవి. టీకి పిలిస్తే వాటి మధ్యనుంచి పక్కకి ఒదిగి నడిచి వెళ్లేవాళ్లం. ఒక పెట్టె మీద గుడ్డ పరిచి రేడియో పెట్టారు, ఇంకోదాని మీద పిల్లి పడుకునేది.

ఆవిడ ఏ సంవత్సరం ఎటు సెలవుకి వెళ్లొస్తే రెండోవైపు నచ్చేది. ఇంగ్లండు వెళ్లొచ్చిన నెలంతా, ఆ వాన, ఆ చీకటి, ఎవరింటి తలుపు చూసినా మూసే ఉంటుంది, పెర్త్ ఎండే నయమనేది. పెర్త్ వెళ్లొస్తే, అక్కడ ఎంత కాలమున్నా ఏ ఊరిదానివని అడుగుతూనే ఉంటారు, మా ఊరే నయమనేది. కప్పు అంచు మీంచి మా వంక చూసి, "నువ్వైతే ఏం చేస్తావు?" అనేది. గుంటూరు అక్క రెండో కేకు ముక్క తీసుకుంటూ, "సొంతూరికి పోతాం సిస్టర్, అందులో ఆలోచించేదేముంది?" అనేది. నేను కేకు బాగుందనేదాన్ని.

దొరగారిని అడిగితే మాత్రం ఒకటే మాట, నీ ఇష్టం. ఎన్నిసార్లు అడిగినా నీ ఇష్టమే. చివరికి కాంట్రాక్టుకి మూడు నెలలు మిగిలాయి. పెర్త్ ఇల్లు ఉంచాలో అమ్మాలో చెప్పమని కూతురు ఉత్తరం రాసింది. దొరసాని నర్సు కదా, నర్సు బుద్ధి చూపించింది. నోరు విప్పని రోగిని ఒక్కసారి అడిగితే ఏం తెలుస్తుంది, రోజూ ఒకే వేళకి చూసి చార్టు గీస్తే తెలుస్తుందని, వార్డులో జ్వరాలు గీసే గళ్ల కాగితం ఒకటి పట్టుకెళ్లి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పై గీత ఆస్ట్రేలియా, కింది గీత ఇంగ్లండు. రోజూ పొద్దున ఎనిమిదింటికి తనకి ఎర్ర చుక్క, ఆయనకి నీలం చుక్క. కారణాలు చెప్పకూడదు, వాదించకూడదు, ఆ పూటకి మనసెటుంటే అటు చుక్క. నెల తిరిగేసరికి ఆవిడ ఎర్ర గీత మలేరియా రోగి చార్టులాగా తయారైంది. అక్క ఉత్తరం వస్తే కిందికి, మనవడి ఫోటో వస్తే పైకి. "నాది తేలే రకం కాదు. ఆయన చుక్కలు ఎటు ఎక్కువైతే అటే పోతాం, ఇదే నా మాట" అని వార్డులో అందరి ముందూ చెప్పింది. అప్పటికి ఆయన చుక్కలు అటూ ఇటూ సమానంగా ఉన్నాయి.

ఆ ఆగస్టులోనే దొరగారు రేవులో నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుని మా వార్డుకే వచ్చారు. కాలికి బరువులు కట్టి, కప్పీ మీంచి వేలాడదీసి, ఆరు వారాలు కదలకూడదన్నారు. రెండో వారంలో, ఇంగ్లండులో అక్కగారికి ఆపరేషనని దొరసానికి కబురొచ్చింది. వెళ్లక తప్పదు. వెళ్లేముందు నన్ను ఆయన మంచం దగ్గరికి తీసుకెళ్లి, కాళ్లవైపు వేలాడే జ్వరం చార్టు వెనక ఫ్రిజ్ మీద కాగితం తగిలించింది. "ఎనిమిదింటికి టెంపరేచర్ చూస్తావు కదా, అప్పుడే ఇదీ అడుగు. నీ మీద నాకు నమ్మకం" అంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ పడుకున్నారు. ఇంకెవరి సంగతో మాట్లాడుకుంటున్నట్టు ఉంది ఆయన వాలకం.

మొదటి రోజు అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఆస్ట్రేలియా" అన్నారు. పైన చుక్క పెట్టాను. రెండో రోజు అడిగితే, "సిస్టర్, అసలు సంగతేమిటంటే..." అని మొదలుపెట్టారు. ఈలోగా పక్క మంచం మీది కుర్దు జాతి రోగి డ్రిప్పు సూది పీకేసుకున్నాడు, అటు పరిగెత్తాను. మళ్లీ వస్తానని చెప్పాను, మళ్లీ రాలేదు. ఆ వారం ఎండదెబ్బ తిన్నవాళ్లని కూలీల క్యాంపుల నుంచి వ్యానుల్లో తెచ్చి దించుతుంటే వార్డు నిండిపోయి, నేల మీద కూడా పరుపులు వేశాం. మంచు ముక్కలు, తడిగుడ్డలు, సెలైన్లు. అలాంటప్పుడు నర్సులు చేసే పనొకటుంది, ఎవరూ ఒప్పుకోరు గానీ చేయనివాళ్లు లేరు. నిన్న నార్మల్‌గా ఉన్నవాడికి ఇవాళా నార్మలే అని రాసేస్తాం. అన్నీ ఒకేలా ఉంటే పెద్ద సిస్టర్ పట్టేస్తుంది కాబట్టి మధ్యలో ఒకచోట కొంచెం పైకి గీస్తాం. ట్రైనింగులో పాఠాలన్నీ మరిచిపోయినా ఇది మరిచిపోలేదు నేను. దొరగారి రెండు చార్టులూ అలాగే నింపేశాను, రోజూ ఎనిమిదింటికి, నిలబడే, తొమ్మిది రోజులు. ఇంగ్లండు, ఇంగ్లండు, ఒక ఆస్ట్రేలియా, మళ్లీ ఇంగ్లండు. ఇంగ్లండే ఎందుకు వేశానంటే, మనిషన్నాక సొంతూరికి పోవాలనే ఉంటుంది కదా అనుకున్నాను. గల్ఫులో మాకందరికీ అది అడగవలసిన ప్రశ్నే కాదు. నన్నెవరైనా నిలదీసి అడిగితే నేనేం చెప్పేదాన్నో నాకు తెలియదు గానీ, ఆయన గడిలో మాత్రం ధైర్యంగా వేశాను.

వార్డులో తుడిచే పనీ, గడ్డాలు గీసే పనీ చేసే కడప భాయ్ ఒకరోజు నాతో, "ఏందో మా, ఈ దొర ఏడున్నర కాకముందే గడ్డం గీయమని తొందర పెడ్తాడు. తలగడ ఎత్తుగా పెట్టమంటాడు. ఎనిమిదికి ఏ ముదీర్, ఏ పెద్ద మేనేజరు వస్తాడని ఇంత తయారు?" అన్నాడు. తెల్లవాళ్లకి శుభ్రమెక్కువ భాయ్ అన్నాను. నేను చార్టు అందుకుంటే ఆయన తల తిప్పి నా వంక చూసేవారు. గుడ్ మార్నింగ్ సార్ అని నవ్వి, చుక్క పెట్టి, వెళ్లిపోయేదాన్ని.

దొరసాని తిరిగొచ్చి, పెట్టె కింద పెట్టకుండానే ఆ కాగితం తీసి చూసింది. వేలితో ఒక్కొక్క చుక్కా తడుముతూ చివరిదాకా వెళ్లింది. ఇంగ్లండు వైపు అంత తేటగా ఎన్నడూ తేలలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, "సరే, అయితే ఇంటికే" అంది. ఆ ముఖంలో ఆ తేలిక నేను అంతకుముందు చూడలేదు. దొరగారు చార్టు వంక, నా వంక, ఆవిడ వంక వరసగా చూసి, "సరే" అన్నారు. ఆ వారమే పెర్త్ ఇల్లు అమ్మెయ్యమని కూతురికి ఉత్తరం వెళ్లింది.

వాళ్లు వెళ్లేముందు శుక్రవారం మమ్మల్ని ఆఖరి టీకి పిలిచారు. పెట్టెల మీద పాత ఊరి పేరు కొట్టేసి కొత్త చిరునామా రాసి ఉంది. దొరసానీ గుంటూరు అక్కా వంటింట్లో కప్పులు కాగితాల్లో చుడుతున్నారు. దొరగారు చంకకర్రల మీద బాల్కనీలోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు. కింద క్రీకు పాయలో అబ్రా పడవలు మనుషుల్ని నింపుకుని అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాటి వంకే చూస్తూ, ఏమాత్రం కోపం లేకుండా, "నువ్వు రెండు రోజులే అడిగావు" అన్నారు. "మా ఆవిడ ముఖం చూస్తే నాకు నిజం నోట్లోంచి రాదు. తనకేది కావాలో అదే వస్తుంది. బయటివాళ్లడిగితే చెప్పగలననిపించింది. రోజూ తయారై కూర్చునేవాణ్ణి" అన్నారు. ఏం చెప్పేవారు సార్ అని అడిగాను. మొత్తం మీద అది మూడోసారి అడగడం. "ఇప్పుడెందుకులే. ఆ చుక్కలు చూసి తను ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయింది" అని లోపలికి వెళ్లిపోయారు.

నాకు అప్పుడు సిగ్గు వేసిందని, కాళ్ల మీద పడబోయానని రాస్తే బాగుంటుంది. నిజం చెప్పాలంటే నాకేమీ అనిపించలేదు. లోపలికెళ్లి కేకు తిన్నాను. దొరసాని నన్ను కౌగిలించుకుని, నీ మేలు మరిచిపోనంటే, ఫరవాలేదు సిస్టర్ అన్నాను. దారిలో గుంటూరు అక్క కళ్లు తుడుచుకుంటుంటే నేను బస్సు నంబరు చూస్తున్నాను. ఆ తర్వాత నాలుగైదేళ్లు క్రిస్మస్‌కి ఆవిడ కార్డులు వచ్చాయి. ఒకదాంట్లో, పెర్త్ ఇంటి తాళంచెవి ఆయన ఇంగ్లండు ఇంట్లో వంటింటి గోడకి మేకు కొట్టి తగిలించారని, ఆ ఇల్లు మనది కాదు కదా పారెయ్యమంటే వినరని, తమాషాగా రాసింది. ఆ కార్డు కూడా మిగతావాటితోపాటు అద్దం ముందు నిలబెట్టి డ్యూటీకి వెళ్లాను.

నేను మొత్తం పద్నాలుగేళ్లున్నాను దుబాయ్‌లో. అంతా పాప కోసమే అని అందరికీ చెప్పాను, పాపకి కూడా చెప్పాను. మొన్న మా అమ్మాయి బీపీ మిషను కవరు తనే చింపి, నా చేతికి పట్టీ చుట్టి మీట నొక్కింది. నూట అరవై రెండు వచ్చింది. పుస్తకంలో నా అంకెలన్నీ కొట్టేసి అది రాస్తుంటే, దాని వంచిన తల వంకే చూస్తూ కూర్చున్నాను. "ఆ రోజుల్లో నన్ను వచ్చెయ్యమని చెప్పాలనిపించేదా నీకు?" అని అడిగాను. అది పట్టీ విప్పి, గొట్టం మడిచి, అట్టపెట్టెలో సర్ది, మూత పెట్టింది. తర్వాత, "ప్రతి సెలవుకీ అడుగుతావేమోనని చూసేదాన్నమ్మా. కొత్త గౌను వేసుకుని నీ ఎదురుగా కూర్చునేదాన్ని" అంది. ఆ గౌన్లు నాకు గుర్తున్నాయి. బాగున్నాయనేదాన్ని. నలభై ఏళ్ల తర్వాత ఏడుపొచ్చింది, బీపీ ఇంకా పెరుగుతుందని అమ్మాయి కోప్పడింది. ఎనిమిదింటికి అడగవలసింది ఎనిమిదింటికే అడగాలి. ఆలస్యంగా అడిగినా జవాబు దొరుకుతుంది, కానీ అది రాసుకోవలసిన రోజు మాత్రం చార్టులో మిగిలి ఉండదు.