కప్తాన్ కజ్రీ, మా అమ్మ కస్తూరి

నవ్వనని ఒట్టేస్తేనే చెప్తాను. మొన్న ఒక పాత కామిక్ ఇంటికి తెచ్చాను. తెచ్చినదాన్ని బీరువాలో దాచుకోవచ్చు కదా! లేదు, తీసుకెళ్ళి మా అమ్మ ఒళ్ళో పెట్టాను. నా అంతట నేనే! యాభై దాటినదాన్ని, చిన్నపిల్లలా దొరికిపోయాను.

పాత పేపర్లు అమ్ముదామని భిలాయిలో క్యాంప్ 2 బస్తీలోని కబాడీ దుకాణానికి వెళ్ళాను. ఆయన తూకం వేస్తుంటే నేను ఊరికే అక్కడి కట్టలు కెలుకుతున్నాను. ఒక కట్ట మధ్యలోంచి తలకి ఎర్ర రుమాలు, చెవికి పెద్ద రింగు, చేతిలో కత్తి! కప్తాన్ కజ్రీ! 

"దీదీ, యే తో బచ్చోంకా హై," అన్నాడాయన, పిల్లల పుస్తకం నాకెందుకన్నట్టు.

"మై భీ బచ్చీ హీ హూఁ, భయ్యా," అని లాక్కున్నాను.

మేం క్యాంప్ 1లో ఉన్నప్పుడు సందు చివర పాన్ దుకాణంలో తాడు కట్టి కామిక్స్ వేలాడదీసేవారు. అన్నీ హిందీవే, అద్దెకి. ఈ కజ్రీ సముద్రపు దొంగ. భిలాయిలో సముద్రం ఎక్కడిది? అప్పటికి నేను చూసిన నీళ్ళల్లా మా సందులో కుళాయి కింద బకెట్టులోవే. అయినా పెద్దయ్యాక సముద్రపు దొంగనే అవ్వాలని గట్టిగా అనుకున్నాను.

ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. తుఫానుకి తెరచాపలు చిరిగిపోతాయి, ఆవిడ లిప్‌స్టిక్ మాత్రం చెరగదు. ఎత్తు మడమల బూట్లతో తాళ్ళ నిచ్చెన ఎక్కేస్తుంది. కథ చివర్లో ఏదో ఒక దేశపు తప్పిపోయిన యువరాణి అని తేలుతుంది. మామూలు ఆడది ఓడ నడిపిందంటే ఆ రాసినాయనకి మనసొప్పలేదు కాబోలు! ఎలా ఉన్నా ఆవిడంటే నాకు ప్రాణం.

చిక్కల్లా అమ్మతోనే వచ్చింది. అమ్మది శ్రీకాకుళం వైపు. అప్పట్లో హిందీ చదవడం రాదు. కానీ బొమ్మలు కనిపిస్తాయి కదా!

"ఏటే ఈ ఏసం? సీర నేదు, సిగ్గు నేదు. ఎల్లి ఇచ్చీసి రా!"

ఇచ్చేస్తే ఇంక ఇంట్లోకి కామిక్ రానివ్వదు. ఏం చెయ్యను? నోటికొచ్చింది అల్లేశాను.

"పాపం, ఈవిడ మంచిదమ్మా. మొగుడు సముద్రంలో తప్పిపోతే వెతుక్కుంటోంది. చీరైతే గాలికి ఆగదని ఇలా వేసుకుంది."

అమ్మ మొహం మెత్తబడింది. "అలగా? అయితే సదువు."

అంతే, నాన్న సెకండ్ షిఫ్ట్‌కి వెళ్ళగానే అమ్మ బియ్యం చేట ముందేసుకుని కూర్చునేది, నేను హిందీలో చూస్తూ తెలుగులో అల్లేదాన్ని. కజ్రీ చేతిలో సారా గ్లాసుంటే కషాయం అన్నాను. స్తంభానికి కట్టేసిన మగాడు కనిపిస్తే, "జ్వరంతో తూలిపోతున్నాడు, పడిపోకుండా కట్టింది," అన్నాను. దోచుకొచ్చిన నగల పెట్టెలేమో పుట్టింటి సారె! కజ్రీ అన్న పేరు అమ్మ నోట తిరగక కస్తూరి అయిపోయింది.

"ఓడ నిండా తిండి ఉంది కదా, ఇంత సన్నంగా ఉందేటే?" అని ఒకరోజు అడిగింది.

"బుధవారం ఒంటిపూటమ్మా. మొగుడు క్షేమంగా తిరిగి రావాలని." శనివారం అందరూ చేసేదే కదా, కొత్తగా ఉంటుందని బుధవారం అన్నాను. నా బుద్ధి అలా ఏడ్చింది!

ఆ వారం నుంచే అమ్మ బుధవారం ఒంటిపూట మొదలెట్టింది. నాన్న పని స్టీల్ ప్లాంట్‌లో, ఫర్నేస్ దగ్గర. ఆయన సైకిల్ బెల్ వినిపించేదాకా అమ్మ గుమ్మం వదిలేది కాదు. అది చూస్తూ నేనెలా నోరు విప్పను? నాన్న రిటైరయ్యాడు, కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాం, బుధవారం మాత్రం ఆగలేదు. ఇది ఏ దేవుడి ఉపవాసం అని ఎవరైనా అడిగితే, "మా ఏపు ఉంది," అనేది.

ఇక నా తెలివి చూడండి. ఇప్పుడు అమ్మ రోజూ హిందీ పేపర్ చదువుతుంది. నాకు తెలియదా? నేను అమ్మడానికి వెళ్ళింది ఆ పేపర్లే! కానీ ఆ కామిక్ చేతికి రాగానే నేను పదేళ్ళ పిల్లనైపోయాను, అమ్మ కూడా క్యాంప్ 1 అమ్మ అయిపోయింది. "అమ్మా, నీ కస్తూరి దొరికింది!" అని అరుచుకుంటూ ఇచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, అక్షరాల కింద వేలు పెట్టి చదువుతోంది.

"శరాబ్ లావో, అంటంది. కసాయం అన్నావు?"

"అమ్మా..."

"దీని మొగుడేడీ?"

"లేడమ్మా. అసలు పెళ్ళే కాలేదు."

అమ్మ కళ్ళద్దాలు తీసింది. నాకు నిజంగానే భయమేసింది. తిడుతుందని కాదు. నాన్న ప్రతి షిఫ్టూ ముగించుకుని క్షేమంగా ఇంటికొచ్చింది ఆ బుధవారాల వల్లేనని అమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని చిత్తుకాగితాల్లోంచి తెచ్చిన పుస్తకంతో నేనే పడగొట్టాను. ఏడుపొచ్చేసింది.

"మరి నాను ఇన్నాల్లూ ఎవుల కోసం మాడినానే?"

"నాన్న కోసమే కదమ్మా..."

అమ్మ వరండాలోకి చూసింది. నాన్న కుర్చీలో కూర్చుని, జామకాయకి ఉప్పూ కారం అద్దుకుని కరకరా నములుతున్నాడు. ఆ వయసులో కూడా పళ్ళన్నీ సొంతవే! అమ్మ ఆయన్నే చాలాసేపు చూసింది.

"ఇంటికొచ్చీసినాడు కదా," అంది. "ఎవులు సెప్తే ఏటి, పని జరిగింది."

నేను ముక్కు తుడుచుకునేలోపే పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఉన్నదున్నట్టు సదువు."

చదివాను. కజ్రీ సేనాధిపతిని సముద్రంలోకి తన్నితే అమ్మ తొడ కొట్టుకుని నవ్వింది. అయిపోయాక, "నీ కస్తూరి కన్నా ఇదే నయమే. అదెప్పుడూ మొగుడూ మొగుడూ అని ఒకటే ఏడుపు," అంది. ఏళ్ళ తరబడి అల్లిన కథ! ఒక్క ముక్కలో తీసిపారేసింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. తర్వాతి బుధవారం పొద్దున్నే అమ్మ ప్లేటు నిండా పోహా పెట్టుకుని తింటోంది.

"అమ్మా, ఇవాళ బుధవారం!"

"నాను రిటైరైపోనాను. మీ నాన్న డ్యూటీ ఇంక నీకు హ్యాండోవర్. రూల్సు నువ్వెట్టినవే కదా, నాను సెప్పాలా?"

అందుకే ఆ సమోసాల ప్లేటు కాస్త అటు జరపండి, ఇవాళ బుధవారం. టీ కూడా వద్దు. పదేళ్ళప్పుడు నాకు టీ అంటే అసహ్యం, అందుకని "కస్తూరి ఆ రోజు టీ చుక్కైనా ముట్టదమ్మా" అని చెప్పి చచ్చాను!