శ్రావణం వచ్చేదాకా వ్యానులో

కొత్త ఇంటి తాళంచెవులు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వ్యానులో కాపురం చేసినవాళ్ళు సింగపూరు మొత్తంలో మేమే అయ్యుంటాం. పిచ్చి పట్టి కాదు, ఆషాఢం వచ్చి. బెడోక్‌లో మేం అద్దెకున్న ఫ్లాటును ఓనరు అమ్మేసుకున్నాడు. మేం కొనుక్కున్న ఫ్లాటు అక్కడికి రెండు బస్‌స్టాపుల దూరంలో, రంగులు కూడా వేయించుకుని సిద్ధంగా ఉంది. కానీ శూన్యమాసంలో గృహప్రవేశం చేయకూడదు. మనుషులే కాదు, సామాను కూడా గడప దాటకూడదని మా అత్తగారు కాకినాడ నుంచి ఫోనులో మరీ మరీ చెప్పారు. మంచాలూ బీరువాలూ గిన్నెలూ అన్నీ అద్దె గోడౌనులో పడేశాం. మిగిలింది మేమిద్దరం, మా పిల్లిగాడు.

పిల్లి ఉందనగానే హోటళ్ళు తలుపులు మూసేశాయి. తెలిసినవాళ్ళలో ఒకరింట్లో పిల్లాడికి ఆస్తమా, ఇంకొకరింట్లో ఓనరు ఒప్పుకోడు. చివరికి మా ఆయన ఆఫీసులో ఒక మలయ్ మిత్రుడు తన క్యాంపర్ వ్యాను ఇస్తానన్నాడు. బయటి నుంచి చూస్తే మామూలు డెలివరీ వ్యానే. లోపల మడతమంచం, చిన్న సింకు, గ్యాస్ పొయ్యి, బ్యాటరీతో తిరిగే ఫ్యాను. సెలవుల్లో మలేషియా వెళ్ళి చేపలు పట్టుకోవడానికి ముచ్చటపడి చేయించుకున్నాడట. "హాలిడే అనుకుందాం, ఏముంది!" అన్నారు మా ఆయన. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఇక్కడ పిల్లినే తిప్పడానికి మేం బయల్దేరాం.

వాడు మా బ్లాకు కింద పుట్టిన ఎర్రపిల్లి. ఒక డిసెంబరు వానల్లో పైకి వచ్చి, మా గుమ్మం ముందు చెప్పుల మీద పడుకుని, ఇక కదలకుండా మా ఇంటివాడైపోయాడు. ఆ తర్వాత వాడు చూసిన లోకమల్లా మా రెండు గదులూ, కిటికీలోంచి కనిపించే పావురాలూ. టీకాకి తీసుకెళ్ళిన ఒక్కసారి తప్ప బండి ఎక్కింది లేదు. పిల్లిని రోడ్డుకి అలవాటు చెయ్యాలంటే ముందు కొన్నాళ్ళు ఆగి ఉన్న బండిలో కూర్చోబెట్టాలట, తర్వాత వీధి చివరిదాకా నడపాలట, అలా మెల్లమెల్లగా పెంచాలట. మాకంత వ్యవధి ఎక్కడిది? ఇంటి తాళాలు ఓనరు చేతిలో పెట్టి, పిల్లిని బండిలో పెట్టి, నేనే స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇక్కడి లైసెన్సు ఉన్నది నాకే.

మొదటి సిగ్నలు దాకా వాడు అరిచిన అరుపు పిల్లి అరుపు కాదు. తర్వాత నా సీటు కిందకి దూరాడు. పిలిస్తే రాడు, చేపముక్క చూపిస్తే రాడు.

మొదటి ఆదివారం నిజంగానే యాత్రకి వెళ్దామనుకున్నాం. పడమటి వైపు పట్టుకుని పోతే గంట తిరక్కుండానే తువాస్‌లో దేశం అయిపోయింది. ముందుకెళ్తే మలేషియా. మాకు పాస్‌పోర్టులు ఉన్నాయి, పిల్లికి కాగితాలు లేవు. వెనక్కి తిప్పాను. ఉత్తరానికి వెళ్తే అక్కడా నీళ్ళే. ఈ దీవి ఎంత చిన్నదో ఇన్నేళ్ళుగా ట్రైనులో తిరిగితే తెలియలేదు గానీ, ఇల్లంటూ లేకుండా తిరిగితే బాగా తెలిసింది. గానుగెద్దుకీ నాకూ తేడా ఏమిటంటే, దానికి కళ్ళకి గంతలుంటాయి.

సాయంత్రాలు తూర్పు తీరాన కార్‌పార్కులో ఆపేవాళ్ళం. అక్కడ పడుకోవచ్చో లేదో ఎవర్నీ అడగలేదు, కూడదంటారని భయం. పొద్దున్నే మా ఆయన బీచ్ బాత్‌రూముల్లో స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బస్సూ ట్రైనూ పట్టుకుని పాయా లేబర్‌లో చల్లటి ఆఫీసుకి వెళ్ళిపోయేవారు. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. అంటే ఇప్పుడు వ్యాను నుంచి. ఆగిన బండిలో ఇంజను ఆన్ చేసి ఏసీ వేసుకుంటే ఈ ఊళ్ళో నేరం. కిటికీ తెరిస్తే పిల్లి దూకేస్తాడు. మూసి ఉంచితే ఇద్దరం ఉడికిపోతాం. చెట్టు నీడ కదిలినప్పుడల్లా నేనూ బండిని కదిలించేదాన్ని. అలా కదిలించిన ప్రతిసారీ సీటు కింద నుంచి ఆ ఏడుపు. కాలుకాలిన పిల్లి అంటాం గానీ, మా పిల్లికి తిరగడానికి జాగానే లేదు. ఆ తిరుగుడంతా నేనే తిరిగాను, బండి చుట్టూ, ఫోనులో మేనేజరుతో మాట్లాడుతూ.

రోజూ నడకకి వచ్చే ఒక చైనీస్ అంకుల్ అద్దంలోంచి లోపలికి తొంగిచూసి, "అయ్యో, పూర్ థింగ్ లా! వై నాట్ గో హోమ్?" అన్నాడు. ఆయనకి ఆషాఢం గురించి ఇంగ్లీషులో ఎలా చెప్పను? ఆ రోజు సాయంత్రం మా ఆయన రాగానే అదే ప్రశ్న నేను అడిగాను.

"ఇల్లుండగా మనకీ ఖర్మేంటండీ? వాణ్ణొక్కణ్ణీ అక్కడ వదిలి వద్దాం. పిల్లికి ఆషాఢమేంటి?"

"పిల్లిని వదలాలన్నా ముందు మనం తలుపు తియ్యాలిగా. లోపల అడుగు పెట్టాలిగా. ఇంకెన్నాళ్ళు చెప్పు, శ్రావణం వచ్చేస్తోంది. ఎడ్జస్ట్ అయిపోతాడు" అన్నారు.

ఆయన మొండిమనిషి కాదు. భయపడ్డ మనిషి. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో క్లెమెంటిలో అద్దెకి దిగాం. అప్పుడు తిథీ వారం ఏమీ చూడలేదు. ఏజెంటు తాళాలిస్తే నేనే తలుపు తీసి దూకుడుగా లోపలికి నడిచాను. ఆ ఇంట్లోనే అయిదో నెలలో నా కడుపు పోయింది. దాని గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. కానీ అప్పటి నుంచీ మా ఆయన ఫోనులో పంచాంగం చేరింది. సోఫా కొన్నా, ఊరికి టికెట్లు కొన్నా ముందు దాన్ని అడగాల్సిందే. ఆయన దాన్ని తెరిచిన ప్రతిసారీ నాకు ఊపిరాడేది కాదు. వ్యాను కంటే ముందే నేనొక డబ్బాలో ఉన్నాను.

తర్వాత పిల్లిగాడు తిండి మానేశాడు. వాడు ఒంటేలుకెళ్ళే మట్టి తొట్టిలో ఎక్కి కూర్చోవడం, ముక్కడం, ఒక్క చుక్క రాకుండానే దిగడం, మళ్ళీ ఎక్కడం. మధ్యాహ్నానికి పొట్ట రాయిలా అయింది. ముట్టుకుంటే నన్ను కరిచాడు, ఎన్నడూ కరవనివాడు. బెడోక్‌లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మూత్రం బిగిసిపోయిందనీ, మగపిల్లుల్లో బెదురు వల్ల ఇలా అవుతుందనీ, ఇంకాస్త ఆలస్యమైతే చచ్చిపోయేవాడనీ చెప్పిందావిడ. మత్తిచ్చి గొట్టం వేసి వాణ్ణి అక్కడే ఉంచుకున్నారు.

ఇంటికి పంపే రోజు ఆవిడ అడిగింది: "గొట్టం తీసేశాం. ఇప్పుడు తనంతట తను పొయ్యాలి. సాయంత్రంలోపు పొయ్యకపోతే వెంటనే తీసుకురండి, ఈసారి కష్టం. మీ ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే గది ఉందా?"

మూడు గదులున్నాయి. ఒక్కదాంట్లోనూ ఒక్క కుర్చీ కూడా లేదు. సింగపూరులో అంత నిశ్శబ్దమైన ఇల్లు ఇంకోటి ఉండదు. "ఉంది" అన్నాను.

మా ఆయనకి ఫోను చేస్తే, "వ్యాను మంచి నీడలో పెడదాం, ఐస్ ప్యాకులు తెస్తాను" అన్నారు. పెట్టేశాను. తిన్నగా కొత్త ఇంటికి వెళ్ళి, తాళం తీసి, పిల్లి బోనుతో లోపలికి నడిచాను. నాకూ భయమే, లేదని ఎలా అంటాను? స్నానాలగదిలో మట్టి తొట్టి పెట్టి, నీళ్ళు పెట్టి, నా చున్నీ మడిచి పరిచాను. వాడు చున్నీ మీద పడుకుని కళ్ళు మూసుకున్నాడు. "కొత్తింట్లో ఉన్నాం" అని ఆయనకి మెసేజ్ పెట్టి హాల్లో నేల మీద కూర్చున్నాను.

ఆయన ఆఫీసు వదిలేసి వచ్చారు. గుమ్మం ముందు ఇనపగేటు తెరిచే ఉంది. బయట కారిడారులోనే నిలబడిపోయారు.

"ఎంత పని చేశావు! క్లెమెంటిలో అయింది మర్చిపోయావా?"

ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"అయింది నాకు. ఆ ఇంటికి కాదు, ఆ తేదీకి కాదు. మీరు పంచాంగం తీసినప్పుడల్లా, ఆ రోజు తలుపు ఎందుకు తీశావని నన్నే అడుగుతున్నట్టుంటుంది."

"నేనెప్పుడైనా ఆ మాటన్నానా?"

"అనలేదు. అన్నా బాగుండేది. పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, అయిపోయేది. మీరు ఏమీ అనకుండా ముహూర్తాలు చూస్తూ కూర్చున్నారు."

ఆయన గోడకి ఆనుకున్నారు. ముఖం చూడలేకపోయాను. ఎదురింటి ఆవిడ బట్టలు ఆరేస్తూ ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఎండ కారిడారులోంచి మెల్లగా జరిగిపోతోంది. సాయంత్రం దగ్గర పడుతోంది. స్నానాలగదిలోంచి ఏ చప్పుడూ లేదు.

"నాకు నిన్ను కూడా పోగొట్టుకుంటానని భయమేసింది. ఆ రోజు నీ బీపీ పడిపోయింది. నీకు తెలీదు, నువ్వు కళ్ళు తెరవలేదు. ఇంకేం చెయ్యాలో తెలీక ఆ తేదీలు పట్టుకున్నాను" అన్నారు, బయట నుంచే.

నిజంగానే నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు.

అప్పుడు లోపల మట్టి గీరుతున్న చప్పుడు. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా, ఆగకుండా, ధార.

"పోశాడా?" అని అరిచారు.

"పోస్తున్నాడు!" అన్నాను. అనేసరికి ఏడుపొచ్చేసింది.

ఆయన బూట్లతోనే నా పక్కనుంచి పరుగెత్తి స్నానాలగది ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. గడప మీద ఏ కాలు ముందు పెట్టారో నేను చూడలేదు. ఆయనా చూసుకోలేదు.