వేడినీళ్ల షరతు

మొదటి వారంలో అరవై ఒకటి. తడి ఆకు తిని ఇరవై ఎనిమిది. చీమలు ఎత్తుకుపోయినవి పదిహేడు. దోమల మందుకి నలభై. మొత్తం నూట నలభై ఆరు పట్టుపురుగులు పోయాయి. పోయినవి వేరు, బాకీ వేరు.

మా అమ్మాయి ఏడో తరగతి ప్రాజెక్టుకని నాలుగు పట్టుగూళ్లు తెచ్చింది. మార్కులు పడ్డాక వాటి సంగతి బడిలో ఎవరూ అడగలేదు. గూళ్లలోంచి తెల్లటి రెక్కల పురుగులు బయటికొచ్చి, చెప్పుల డబ్బాలో పరిచిన పేపరు మీద గుడ్లు పెట్టి చచ్చిపోయాయి. గుడ్లు వానాకాలం దాకా అలాగే ఉంటాయనుకున్నాను. బెజవాడ ఎండకి రెండు వారాలు కూడా ఆగలేదు. ఆటోనగర్లో స్పేర్ పార్టుల కొట్టు లెక్కలు ముగించుకుని ఇంటికొచ్చేసరికి పేపరంతా నల్లటి వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు. బ్రష్షుతో ఒక్కొక్కటే ఎత్తి లెక్కపెట్టాను. మూడు వందల ఎనభై ఆరు.

ఇన్నింటిని సాకలేం, ఎవరికైనా ఇచ్చేద్దామన్నాను. ఎవరికిచ్చినా సరే గానీ దారం కోసం వేడినీళ్లలో వెయ్యకూడదంది మా అమ్మాయి. గూట్లో పురుగు బతికుండగానే ఉడకబెడతారని పుస్తకంలో చదివిందట.

“ఒక్కటి కూడా పడదమ్మా,” అన్నాను.

చర్చి ఆవరణలోని ఒకే ఒక్క మల్బరీ చెట్టు రెండో వారానికి బోడైంది. మా కొట్టుకి ట్రాక్టరు సామాన్ల కోసం వచ్చే రైతు ఒకాయన మైలవరం దగ్గర పట్టుపురుగులు పెంచుతాడు. మావి విడిగా పెంచిపెట్టమని అడుగుదామని డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఆయన గేటు దగ్గరే ఆపేశాడు. బయటి పురుగు నుంచి రోగం అంటుకుంటే షెడ్డు మొత్తం పోతుందట. షరతు విని మాత్రం నవ్వాడు.

“గేదెని మేపి పాలు పితకొద్దన్నట్టుందండీ మీ అమ్మాయి.”

ఒక గోతాం ఆకు ఊరికే ఇచ్చి పంపాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే బస్సు, అదే గోతాం, అవే మోకాళ్ల నొప్పులు.

మిగిలిన వాటిని ఇరవై చొప్పున పద్నాలుగు డబ్బాల్లో సర్ది, ఆరాధన అయ్యాక, ఆకు నేనే తెచ్చిస్తానని ఒక్కొక్కరినీ బతిమాలి ఇచ్చాను. తడి ఆకు వెయ్యొద్దు, రెక్కలొచ్చాక ఆడవీ మగవీ కలవనివ్వొద్దు, వేడినీళ్లు అసలే వద్దు. అందరికీ ఇదే పాట. చీరకి ఎన్ని కావాలని అడగనివాళ్లు లేరు. రెండు డబ్బాలు తీసుకున్న పక్కింటావిడ రోజూలాగే సాయంత్రం కిటికీలు మూసి దోమల మిషన్ పెట్టింది. పొద్దున్నే డబ్బాల మీద కొంగు కప్పుకుని వచ్చి, పిల్లకి చెప్పొద్దన్నయ్యా అంది. చెప్పకపోతే లెక్క ఎలా కుదురుతుంది? చెప్పాను. అమ్మాయి ఏడ్చింది గానీ, తెలియక చేసిందిలే అంది.

ఒక డబ్బా మంగళగిరిలో నేతపని చేసే ఒకాయన పట్టుకెళ్లాడు. షరతుకి సరేనన్నాడు గానీ ఇంట్లో చెప్పలేదు. ఆయన భార్య పుట్టిల్లు హిందూపురం వైపు. పట్టు తీసిన చెయ్యి. రెక్కలొచ్చి చిల్లులు పెడితే గూళ్లు పాడైపోతాయని, అవి కట్టగానే తన పనులు మానుకుని కూర్చుని దారం తీసి, చిన్న చిలపగా చుట్టి, పాపకి బహుమానమని నెల తిరక్కుండా పంపింది. పసుపు రాసిన కాగితంలో పెట్టింది కూడా. ఆమెను ఏమనగలను?

మా అమ్మాయి చిలపని వెలుతురులో పట్టుకుని చూసింది.

“ఇందులో ఎన్నున్నాయి నాన్నా?”

“ఇరవై.”

“ఒక్కటి కూడా పడదన్నావు.”

మిగతా ఇళ్లలో అన్నిటికీ రెక్కలొచ్చాయి. ఆ సంగతి చెప్పబోయాను. అది చిలపని జామెట్రీ బాక్సులో పెట్టుకుని మూత వేసింది. ఇప్పుడు అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉంది. బాక్సు మారింది, చిలప మారలేదు. నేను దానికి ఇవ్వాల్సింది ఇప్పటికీ ఇరవై.